ఆ ఫొటోలోది గాజీని ముంచిందంటున్న రాజ్‌పుత్ కాదు

సంపాదకులకు నమస్కారం.

నౌకాదళ దినోత్సవం నాటి మీ ప్రత్యేక పేజీలో 1971 యుద్ధంలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి గాజీ కథ బాగా రాశారు గానీ, పక్కన వేసిన ఫొటో దాన్ని ముంచిందంటున్న మన యుద్ధనౌక రాజ్‌పుత్‌ది కాదు, అదే పేరున్న తర్వాతి నౌకది. నౌక మీద డీ51 అన్న గుర్తింపు సంఖ్య కనిపిస్తూనే ఉంది. అది సోవియట్ యూనియన్‌లో కట్టిన క్షిపణి నౌక. 1980లో మన దళంలో చేరి, 2021లో విశాఖలో సేవ ముగించుకుంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ బయట డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వదిలింది డీ141 సంఖ్య ఉన్న పాత రాజ్‌పుత్. 1942లో క్లైడ్‌బ్యాంకులో జాన్ బ్రౌన్ కంపెనీ నీళ్లలోకి దించిన బ్రిటిష్ ‘రోథర్‌హామ్’ అది. 1949లో మన చేతికొచ్చి రాజ్‌పుత్ అయింది. గాజీ మునిగింది దాని దెబ్బకేనా, లోపలి పేలుడుకా అన్న వాదన ఇంకా ఉంది, అది వేరే సంగతి. ఆ మాటకొస్తే గాజీ కూడా ఒకప్పుడు అమెరికా వాళ్ల జలాంతర్గామి ‘డయాబ్లో’యే.

అదే పేజీలో 1990 నాటి మార్షల్ దీవుల స్టాంపుల బ్లాకు వేసి, ‘1940లో అమెరికా బ్రిటన్‌కు ఇచ్చిన 50 డిస్ట్రాయర్లలో నాలుగు’ అన్నారు. డిస్ట్రాయర్ అంటే వేగంగా సాగే ఒక రకం యుద్ధనౌక. నాలుగు కాదు, మూడే. జార్జ్‌టౌన్, బక్స్‌టన్, రాకింగ్‌హామ్ ఆ లెక్కలోవి. నాలుగోదైన బాన్‌ఫ్ అసలు డిస్ట్రాయరే కాదు. అమెరికా తీర రక్షక దళం వారి ‘సారనాక్’ అనే కట్టర్, అంటే గస్తీ నౌక, 1941లో విడిగా వెళ్లింది. జార్జ్‌టౌన్‌ది ఇంకా తమాషా కథ. పుట్టినప్పుడు ‘మాడాక్స్’, 1944 నుంచి సోవియట్ జెండా కింద ‘జోస్ట్‌కీ’. రెండో ప్రపంచ యుద్ధంలో లొంగిపోయిన ఇటలీ నౌకల్లో తమ వాటా ఇమ్మని సోవియట్ వాళ్లు పట్టుబడితే, బ్రిటన్ ప్రస్తుతానికి ఇవి వాడుకోండి అని పాత నౌకలు అప్పుగా ఇచ్చింది. అందులో ఇదొకటి.

గుంటూరు, విజయవాడ బడుల్లో పిల్లలు స్టాంపుల ప్రదర్శన పెట్టేటప్పుడు పేపర్లో చూసిందే అట్ట మీద ఎక్కిస్తారు, అందుకే ఇంత చెప్పడం. స్టాంపు కింద దాని మీది పేరు, తొలి పేరు, చేతులు మారిన ఏడాది రాయించండి. పొగగొట్టాలు లెక్కపెట్టి నౌకను గుర్తుపట్టడం మాత్రం నమ్మకం లేని పని. ఈ పాత అమెరికా నౌకలకు నాలుగు గొట్టాలు ఉండేవి. కానీ కొన్నింటికి ఇంధనం ఎక్కువ పట్టాలని ఒక బాయిలరు తీసేశారు, దాంతో దాని గొట్టమూ పోయింది. 1942 మార్చిలో ఫ్రాన్సులో జర్మన్ల చేతిలో ఉన్న సెయింట్ నజైర్ రేవు మీదికి దాడికి వెళ్లిన, ఆ యాభైలోదే అయిన కాంప్‌బెల్‌టౌన్‌కైతే వెనక రెండూ తీసేసి, మిగిలిన రెండింటి పైకొసలను ఏటవాలుగా కోశారు, జర్మన్ల పడవలా కనిపించాలని. అలాంటి బొమ్మ చూసి చిత్రకారుడు పొరబడ్డాడు అనుకోకూడదు.

ఇంకోటి, నాలుగు స్టాంపులు కలిసి ఉన్న బ్లాకును ఎవరికి వారు పంచుకోవడానికి విడదీయొద్దు. సెల్లోటేపు అసలే వద్దు, కొన్నేళ్లకు పసుపు మరక కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ చేయిస్తే ఇక స్టాంపు లేనట్టే. మన వైపు వానాకాలం గాలిలో చెమ్మకు వెనక జిగురు మెత్తబడి పేజీకి అంటుకుంటుంది. ఆల్బమ్‌లు ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఆ బరువుకు మరీ గట్టిగా పట్టేస్తుంది కాబట్టి నిలువుగా పెట్టాలి, బీరువాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి రంగు మారినప్పుడల్లా మార్చాలి. అంటుకున్న స్టాంపును గోటితో లాగితే పలచబడి చిరుగుతుంది. మూత గట్టిగా పడే డబ్బాలో అడుగున తడిపి పిండిన అద్దుడు కాగితం, పైన ప్లాస్టిక్ జల్లెడ, దాని మీద ఆ పేజీ ముక్క పెట్టి, గంటకోసారి పట్టకారుతో అంచు కదిపి చూడాలి. వదిలాక జిగురు వైపు పైకి పెట్టి ఆరనివ్వాలి. జిగురు నిగనిగ కొంత తగ్గుతుంది, స్టాంపు మాత్రం దక్కుతుంది.

ఇట్లు,
నౌకల స్టాంపులు సేకరించే కొందరు పాఠకులు,
బ్రాడీపేట, గుంటూరు