కొబ్బరి రేటు పక్కన రియాల్ రేటు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది కవిటి మండలంలో ఒక ఊరు. మా ఆయన సౌదీలో వెల్డరు, వెళ్లి తొమ్మిదేళ్లవుతోంది. మా వీధిలో పద్నాలుగు ఇళ్లుంటే పదకొండు ఇళ్ల మగవాళ్లు బయటి దేశాల్లోనే ఉన్నారు. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయాక, ఇక్కడే ఉందామనుకున్నవాళ్లు కూడా వెళ్లిపోయారు. మీ జిల్లా పేజీలో కొబ్బరి రేటు వేస్తారు, పలాస జీడిపప్పు రేటు వేస్తారు, బంగారం సంగతి సరేసరి. మా ఇళ్లలో పొయ్యి వెలిగేది మాత్రం రియాల్ మీద. దాని రేటు ఎంతో మాకు ఎవరూ చెప్పరు.

ఇది ఎందుకు అడుగుతున్నానో కొంచెం వెనక నుంచి చెప్పాలి.

రెండేళ్ల క్రితం మా అబ్బాయిని ఇంటర్‌లో చేర్చే రోజుల్లో, కేవైసీ అని నా బ్యాంకు ఖాతా ఆపేశారు. ఫీజుకి టైం లేదు. దాంతో మా ఆయన సోంపేటలో కౌంటర్ దగ్గర నగదు తీసుకునేలా డబ్బు పంపారు. డబ్బు పంపినప్పుడు వాళ్లిచ్చిన నంబరు రాసుకుని, ఆధార్ పట్టుకుని వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు నంబరు సరిపోయింది, పేరు సరిపోలేదు అన్నాడు. మా ఆయన ప్రేమగా తన ఇంటిపేరు పెట్టి నా పేరు రాశారు. నా ఆధార్‌లో ఇప్పటికీ పుట్టింటి ఇంటిపేరే. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా అది మార్పించుకోవాలని మాకెవరికీ తట్టలేదు. కుర్రాడి తప్పేం లేదు, కార్డు మీద ఉన్న పేరుకే ఇవ్వాలి. పేరు సౌదీలో డబ్బు పంపిన ఆఫీసులోనే సరిచేయించాలన్నాడు. మా ఆయనకి శుక్రవారం తప్ప సెలవు లేదు, క్యాంపు నుంచి ఆ ఆఫీసుకి గంట ప్రయాణం. ఎనిమిది రోజులు పట్టింది. ఈలోగా ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి పాతికవేలు తెచ్చాను. ఎనిమిది రోజులకే తీర్చినా నెల వడ్డీ 750 పట్టుకున్నారు.

ఆ కౌంటర్లో యాభై వేలు దాటితే నగదు చేతికివ్వరనీ, ఒక మనిషి పేరు మీద ఏడాదికి ముప్పైసార్లకు మించి రాకూడదనీ కూడా ఆ రోజే తెలిసింది. రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమాలట.

నా అవస్థ చూసి, ఖతర్‌లో ఉన్న మా మరిది ఇవన్నీ మనకెందుకు వదినా అని బ్యాంకుతో పనిలేకుండా చేతుల మీదుగా డబ్బు చేర్చే హుండీ వాళ్ల దగ్గరకు వెళ్లాడు. అక్కడ రూంకే వచ్చి డబ్బు తీసుకుంటారు, సాయంత్రానికి ఇక్కడ ఇచ్చేస్తారు. రేటు కూడా బ్యాంకు కంటే ఎక్కువే ఇచ్చారు. మొదటి రెండుసార్లు ఎవరో బండి మీద నగదు తెచ్చి మా తోటికోడలి చేతిలో పెట్టి వెళ్లారు. మూడోసారి ఆమె ఖాతాలో పడింది, ఎన్నడూ వినని పేరుతో. నెల తిరక్కుండా ఖాతా ఫ్రీజ్ అయింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఆన్‌లైన్లో మోసపోయిన మనిషి సొమ్మట అది, తిరిగి తిరిగి ఈమె ఖాతాకి చేరింది. డ్వాక్రా లోన్ కిస్తీకి దాచుకున్న డబ్బు కూడా అందులోనే ఇరుక్కుపోయింది. నాలుగు నెలలుగా బ్యాంకు చుట్టూ, స్టేషన్ చుట్టూ తిరుగుతోంది. హుండీ వాడి మీద ఫిర్యాదు చేద్దామంటే చేతిలో రసీదు ముక్క లేదు, పైగా ఆ దారిలో పంపడమే ఫెమాకి, అంటే విదేశీ డబ్బు లావాదేవీల చట్టానికి విరుద్ధం. దొంగకి తేలు కుట్టినట్టయింది మా మరిది పని. వాడు దొంగ కాడు, అదే బాధ.

మనుషులు హుండీ వైపు ఎందుకు పోతారంటే రేటు చూసే. అసలు రేటు ఎంతో ఎవరికీ తెలియదు కాబట్టి, ఎవడు ఎక్కువ చెబితే వాడే మంచివాడు.

మా అబ్బాయి నాకొక లెక్క నేర్పాడు. ఒక డాలరుకి 3.75 సౌదీ రియాళ్లని ఎప్పుడో 1986లోనే మారకుండా ఖాయం చేసేశారు. అంటే ఆ రోజు డాలరు రేటును 3.75తో భాగిస్తే రియాల్ రేటు వచ్చేస్తుంది. డాలరు 90 రూపాయలనుకోండి, రియాల్ 24. దుబాయ్ దిర్హామ్‌కైతే 3.67తో భాగించాలి. అప్పటి నుంచి ప్రతి నెలా మా ఆయన పంపగానే లెక్కేసి పాత చీటీల పుస్తకంలో రాస్తున్నాను. ఒక నెల ‘ఫీజు లేదు’ అన్న చోట పంపారు. లెక్క చూస్తే రియాల్‌కి నలభై పైసలు తక్కువ కట్టారు. 1500 రియాళ్లకి ఆరు వందలు. ఫీజు లేదంటే ఇదన్నమాట! పది పైసలు మిగుల్చుకుంటే నేనేమీ అనను, వాళ్లదీ వ్యాపారమే. ఇప్పుడు మా ఆయన ముందు నన్ను అడిగి, రెండు మూడు చోట్ల రేటు చూసి, బ్యాంకు ఖాతాకే పంపుతున్నారు. ఈ మధ్య సెలవు మీద వచ్చినప్పుడు బయటి దేశాల్లో ఉండేవాళ్ల కోసం బ్యాంకులో ఉండే ఎన్ఆర్ఈ ఖాతా కూడా తెరిచారు. బయట ఉద్యోగం చేసేవాళ్లు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే వాడకూడదని తొమ్మిదేళ్ల తర్వాత తెలిసింది మాకు.

ఈ భాగహారం మా వీధిలో అందరికీ రాదు. మా అత్తగారికి పేపరు చదవడం వచ్చు, ఫోన్లో వెతకడం రాదు. ఇలాంటి అత్తగార్లు ఉద్దానంలో ఇంటికొకరున్నారు. అందుకే అడుగుతున్నాను: రియాల్, దిర్హామ్, కువైట్ దినార్, సింగపూర్ డాలర్, ఈ నాలుగు రేట్లు కొబ్బరి రేటు పక్కన వేయండి. రోజూ వేయకపోయినా ఫర్వాలేదు, గురువారం వేస్తే చాలు. సౌదీ, కువైట్ లాంటి చోట్ల మనవాళ్లకి శుక్రవారం సెలవు, డబ్బులు పంపేది ఆ రోజే.

– ఒక వెల్డరు భార్య, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా