అమ్మలూ, రిహార్సల్ అయ్యి ఇప్పుడే ఇంటికొచ్చా

అమ్మలూ,

పదిన్నర దాటింది. నాన్న ఇంకా రాలేదు, సెట్టు సామానంతా లోపల పెట్టించి తాళం వేసుకుని వస్తానన్నారు. నువ్వు పనిలో ఉంటావేమోనని ఫోన్ చెయ్యలేదు. ఊరికే ఇక్కడి కబుర్లు నాలుగు రాద్దామని కూర్చున్నా, తీరికున్నప్పుడు చదువుకో. నువ్వు మాట్లాడి పంతొమ్మిది రోజులైంది. లెక్కపెట్టుకు కూర్చున్నానని కాదు, నటులకి మాట అందించే ప్రాంప్టింగ్ పుస్తకంలో రోజూ తేదీ వేస్తాను కదా, దాన్నిబట్టి తెలిసింది.

మన నాటక సంఘంలో ఇప్పుడు చేతినిండా పని. మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవానికి ఏకపాత్రాభినయాలు పెట్టారు, ఆరుగురు తలా పది నిమిషాలు. ఏప్రిల్ 16 కందుకూరి వారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం, ఆ రోజుకి కన్యాశుల్కం. మే నెలలో పరిషత్తు పోటీలకి నాటిక. ఈ మూడింటికీ ఉన్నదల్లా అదే పద్నాలుగు మంది, అందులో ఇద్దరికి నైట్ డ్యూటీలు. మాస్టారు మాత్రం హాయిగా ఉన్నారు, ఆయనకి రిహార్సల్స్ జరుగుతుంటే బీపీ కూడా కంట్రోల్లో ఉంటుంది.

కన్యాశుల్కం ఏడంకాలూ ఉన్నదున్నట్టు ఆడితే తెల్లారిపోతుంది కదా, రెండున్నర గంటలకి కుదించే పని మాస్టారు, లాయరుగారు కలిసి చేశారు. చేశారంటే పోట్లాడుకున్నారు. లాయరుగారేమో అగ్రహారం సీన్లు సగం తీసేద్దామని, మాస్టారేమో బుచ్చమ్మ లేకపోతే ఇంక నాటకం ఏముందని. చివరికి నన్ను అడిగారు. నేను మధురవాణి సీన్లలో ఒక్క ముక్క తీసినా ఒప్పుకోనన్నా. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు మధురవాణి ఇంత లేదు, 1909 నాటి పుస్తకంలోనే ఆవిడ అంత మనిషి అయింది, గురజాడ వారు పదిహేడేళ్ళు ఆగి పెంచిన పాత్రని మనం ఒక్క పూటలో కత్తిరిస్తామా అన్నా. ఇద్దరూ మాట్లాడలేదు.

గిరీశం మన కండక్టర్ బాబాయే. తెర లేవగానే ఒక్కడే నిలబడి మొదలెట్టాలి, ఆ మొదటి నిమిషంలోనే జనాన్ని పట్టెయ్యాలి, వాడు పట్టేస్తాడు. కరటకశాస్త్రి శిష్యుడి వేషానికి పక్కింటి చంటోడిని తీసుకున్నాం. లుబ్ధావధాన్లు ఆడపిల్లనుకుని పెళ్ళాడేది వాణ్ణే కదా, పరికిణీ కడితే నిజంగానే ఆడపిల్లలా ఉంటాడని సంబరపడ్డాం. తీరా రిహార్సల్స్ మొదలైన మూడో వారంలో వాడి గొంతు మారిపోయింది. ఒక వాక్యం సన్నగా మొదలై బొంగురుగా పూర్తవుతోంది. పాపం ఏడుపు మొహం పెట్టుకున్నాడు. మాస్టారు వాణ్ణి దగ్గర కూచోబెట్టుకుని, ఒరే ఆ పాత్ర కూడా మగపిల్లాడేరా, వాడి గొంతు కూడా అలాగే జారిపోతుందేమోనని వాడికీ భయమే, ఆ భయంతోనే ఆడు అన్నారు. నిన్న ఎంత బాగా చేశాడో!

మధురవాణికి ఇంకా ఎవర్నీ అనుకోలేదు. నిన్ను రమ్మని అనట్లేదు, నీ నాటకాలు నీకున్నాయి. విషయం చెప్తున్నా అంతే.

అన్నట్టు మొన్న పెద్దత్త ఫోన్ చేసింది. ఆవిడ సంగతి తెలుసుగా, అటు తిరిగి ఇటు తిరిగి చివర్లో అసలు మాట చెప్తుంది. మీ నాటకం రెండో ప్రదర్శనలో నువ్వు మధ్యలో ఆగిపోయావనీ, అలా నిలబడి నిలబడి వింగులోకి వెళ్ళిపోయావనీ, తెర వేసేశారనీ, తర్వాత నువ్వు రిహార్సల్స్‌కే వెళ్ళట్లేదనీ కోడలి ఫ్రెండ్ ఎవరో అక్కడ చూసి చెప్పిందట. నేను పెద్దత్తతో, మా అమ్మాయి చెప్పకుండా నాకేం తెలీదు, తనే చెప్తుంది అని పెట్టేశా. నాన్నకి చెప్పలేదు. ఆయనకి తెలిసిందేమో అనిపిస్తోంది, ఎందుకంటే రెండు రోజులుగా నీ చిన్నప్పటి ఫోటో, ఆ తోకున్న వేషం ఫోటో, బల్లమీద నిలబెట్టి పెట్టారు.

సరే అది వదిలెయ్. పరిషత్తు నాటిక గురించి చెప్పాలి. ఓ ముసలి టైలరు కథ, లాయరుగారే రాశారు. గంట దాటకూడదు, మొన్న రన్‌త్రూ తీస్తే గంటా ఆరు నిమిషాలొచ్చింది. ఆ ఆరు నిమిషాలు ఎక్కడ తియ్యాలా అని చూస్తే డైలాగుల్లో ఎక్కడా లేదు, అంతా సీన్ల మధ్య చీకట్లో పోతోంది. కుట్టుమిషను అటు జరపడం, బల్ల ఇటు తేవడం. కండక్టర్ బాబాయి స్టేజి మీద రేడియం స్టిక్కర్లు అతికించాడు, మిషను కాళ్ళు ఎక్కడుండాలో చీకట్లో కూడా తెలిసేలా. ఒక్క దెబ్బతో నాలుగు నిమిషాలు తగ్గింది.

ఆ ముసలాయన వేషం లాయరుగారిదే. ఆయన్ని చూస్తే నాకు ఆ పాత పరిషత్తు గుర్తొస్తుంది. నీకప్పుడు నాలుగేళ్ళు, సురభి నాటకాల వాళ్ళ పిల్లల్లాగ నువ్వూ వింగులోనే దుప్పటేసుకుని పడుకునేదానివి. ఈ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటికి నేను ప్రాంప్టింగ్‌కి కొత్త. వేషం వెయ్యాలని ఉండేది కానీ, మామ్మ ఒప్పుకోలేదు. బళ్ళారి రాఘవ గారు ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని అంత పోరాడి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా మనింట్లో తెర వెనక వరకే పర్మిషన్. అందుకే ఆ పుస్తకం పట్టుకోవడమే నాకు ప్రాణంలా ఉండేది, ప్రతివాళ్ళ పోర్షనూ నాకు కంఠతా వచ్చేది. ఆ నాటికలో లాయరుగారు తండ్రి. కొడుకు దగ్గర్నించి ఉత్తరం వస్తుంది, చదువుతాడు, మడుస్తాడు, భార్య అడుగుతుంది, "వాడు రాడు" అనాలి. అంతే డైలాగు. రిహార్సల్లో ఆయన ఒక నాలుగైదు అంకెలు లెక్కపెట్టేంత పాజ్ తీసుకునేవారు. ఆ రోజు స్టేజి మీద నాలుగైంది, ఐదైంది, ఏడైంది, ఆయన నోరు తెరవట్లేదు. ఉత్తరం మడిచిన చెయ్యి అలాగే ఉంది. నాకు ఒళ్ళంతా చెమట. మర్చిపోయారనుకుని "వాడు రాడు" అని అందించేశాను. గొంతు తగ్గించే అన్నాను కానీ వింగుకి దగ్గర్లోనే కిందున్న ఫ్లోర్ మైకు పట్టేసుకుంది. హాలు మొత్తానికి నా గొంతు వినిపించింది. జనం గొల్లున నవ్వారు. ఆయన ఆ నవ్వుల్లోనే తన డైలాగు చెప్పి నాటిక పూర్తి చేశారు.

మేకప్ రూములో ఎవరూ నన్నేమీ అనలేదు. ఆయన అద్దం ముందు కూచుని మీసం తనే పీక్కుంటున్నారు, ఎప్పుడూ నేనే కొబ్బరినూనె రాసి తీసేదాన్ని. నిన్ను ఎత్తుకుని బస్సెక్కి దారంతా ఏడ్చాను. ఇంక పుస్తకం ముట్టనని నాన్నతో చెప్పేశా. రెండు వారాలు సంఘం వైపు వెళ్ళలేదు.

తర్వాత ఓ సాయంత్రం ఆయనే ఇంటికొచ్చారు, చేతిలో కొత్త స్క్రిప్టు, ఒక ఎర్ర పెన్సిలు. కూచుని ఒకటే చెప్పారు. అమ్మా, మర్చిపోయినవాడి కళ్ళు ముందు వింగు వైపు పోతాయి, కాళ్ళు బిగుసుకుపోతాయి, ఊపిరి పైకి పట్టేసి ఉంటుంది. పాజ్‌లో ఉన్నవాడి ఊపిరి నడుస్తూనే ఉంటుంది, భుజాలు చూడు తెలుస్తుంది. నా తప్పు కూడా ఉంది, పాజ్ పొడిగిస్తానని నీకు ముందు చెప్పి ఉండాల్సింది అన్నారు. అప్పట్నించి ఏ స్క్రిప్టు వచ్చినా నటులందర్నీ కూచోబెట్టి పాజ్‌లు అడిగి ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీసుకుంటున్నా. పుస్తకంలోకి చూడ్డం తగ్గించి మనిషిని చూడ్డం మొదలెట్టా.

అదే లాయరుగారు మూడేళ్ళ తర్వాత ఇంకో నాటకంలో నిజంగానే మర్చిపోయారు. కళ్ళు వింగుకి వచ్చాయి, కాళ్ళు ఆగిపోయాయి. ఈసారి వాక్యమంతా ఇవ్వలేదు, మొదటి మాట ఒక్కటి, అదీ పెదాల చివర్న. ఆయన భుజమ్మీది కండువా తీసి దులిపి మళ్ళీ వేసుకుని అందుకున్నారు. ఎవరికీ తెలీలేదు. ఇంటికొస్తూ ఇద్దరం దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుస్తూనే ఉంటుంది. నువ్వు పాజ్‌లో ఉన్నావో, మర్చిపోయి నిలబడ్డావో నాకు తెలీట్లేదు అమ్మలూ. ఫోన్లో నీ భుజాలు కనపడవు. మాట అందించాలో వద్దో తెలీక ఈ పంతొమ్మిది రోజులూ నోరు మూసుకుని కూచున్నా.

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నా కానీ కొన్ని చెప్పకుండా ఉండలేను. ఆగిపోవడం అందరికీ జరుగుతుంది. లారెన్స్ ఒలివియర్ అంతటి నటుడికి 1960ల్లో, యాభై దాటాక, స్టేజి అంటే భయం పట్టుకుని కొన్నేళ్ళు వదల్లేదు. ఒథెల్లో ఆడేటప్పుడు తోటి నటుణ్ణి తనకి కనపడేలా వింగులోనే ఉండమని అడిగాడట. ఆయన ఆడటం మానలేదు, తోడు అడిగాడు. మీ వింగులో ఎవరున్నారసలు? ప్రాంప్టర్‌ని పెట్టుకున్నారా లేదా? ఈ మధ్య చాలా గ్రూపులు ప్రాంప్టర్ ఉంటే నటులకి బద్ధకం వస్తుందని తీసేస్తున్నారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. ఆ రోజు నీకెవరైనా ఒక్క మాట ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో.

రెండో ప్రదర్శనకి ఎంట్రీలు గానీ మార్చారా? నువ్వు పోర్షన్ ఎప్పుడూ నడుస్తూ నేర్చుకుంటావు, ఎడమ నించి రావాల్సినదాన్ని కుడి నించి రమ్మంటే సగం మాటలు ఆ పక్కే ఉండిపోతాయి, కొత్త హాలైతే మరీనూ. ఆరోజు ముందు రాత్రి నిద్రపోయావా? మంచమ్మీద పడుకుని ఫోన్లో స్క్రిప్టు చదివితే అది బుర్రలో నిలవదని ఎన్నిసార్లు చెప్పాను. కాగితం మీద నీ చేత్తో రాసుకో. నీ డైలాగు ఒక్కటే నేర్చుకుంటే చాలదు, అవతలివాళ్ళ చివరి మాట కూడా నీదే అనుకో. ఆ హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి వెళ్ళి, ఆగిపోయిన చోట నిలబడి ఆ సీను మెల్లగా నడిచి చూడు, ఒక్కదానివే వెళ్ళకు, ఎవర్నైనా తీసుకెళ్ళు. గొంతు ఎలా ఉంది? గోరువెచ్చటి నీళ్ళే తాగు. ఏసీ కింద పడుకోకు.

మీ డైరెక్టర్‌కి ఫోన్ చేశావా? కోపంగా ఉన్నారని భయపడుతున్నావేమో. ఆ రెండు వారాలు నేను వెళ్ళకపోతే లాయరుగారు నా మీద కోపంతో ఉన్నారని నేననుకున్నా, తీరా ఆయనేమో తన తప్పు నాకెలా చెప్పాలా అని తిరుగుతున్నారట. మీ తోటివాళ్ళు కూడా నీ దగ్గరికెలా రావాలో తెలీక ఆగి ఉంటారు. ఒక్క ఫోన్ చెయ్యి, ఏం మాట్లాడాలో తెలీకపోతే తర్వాతి రిహార్సల్ ఎన్నింటికి అని అడుగు చాలు.

ఇంక నాటకాలు వద్దనుకుంటే అదీ నాకు చెప్పు. నేను బాధపడతానని దాచకు. నేను వెయ్యలేని వేషాలు నువ్వు వెయ్యాలని నేనెప్పుడూ నోటితో అనలేదు, కానీ నీకు వినిపించి ఉండొచ్చు. నీకు ఇష్టమైతేనే చెయ్యి. ఇష్టం ఉండి భయంతో మానేస్తే మాత్రం నేను ఊరుకోను, వచ్చి మీ వింగులో కూచుంటా, సెలవు కూడా చూసుకున్నా.

మధురవాణి కోటు తెచ్చి పెట్టాం. చివర్లో సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో వెళ్తుంది కదా, దానికి. నల్లది, భుజాలు కొంచెం వెడల్పు. దర్జీ కొలతలు అడిగితే నీవి గుర్తున్నాయని అవే చెప్పేశా, ఎవరు వేసినా తర్వాత సరిచేయించుకోవచ్చు.

నీ పెట్టెలో అడుగున ఊదారంగు శాలువా ఉంది, రాత్రిళ్ళు రిహార్సల్స్ నించి వచ్చేటప్పుడు చెవులకి చుట్టుకో. స్పిరిట్ గమ్ అంటిన చోట ఎర్రబడుతోందన్నావు, తగ్గిందా? గోళ్ళతో పీకకు.

గేటు చప్పుడైంది, నాన్న వచ్చారు. చెప్పులు విప్పకుండానే, అమ్మాయికి ఏమైనా రాశావా అని అడుగుతున్నారు. రాస్తున్నానని చెప్పా. కాసేపు నిలబడి, రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దని చెప్పి లోపలికెళ్ళారు. పెట్టను. ఎన్నింటికైనా చెయ్యి.

అమ్మ