పర్లాకిమిడి తెలుగువారి సంఘం: ఈ ఏటి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, గిడుగు వారి జయంతికి పిల్లల వ్యాసరచన ఎప్పటిలాగే జరిగాయి. గ్రంథాలయం పైకప్పు ఈ వానలకూ కారింది. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదువుతారు. నేను చెప్పుకోవలసింది యాభై దాటిన మగవారికి పెట్టిన రక్తపరీక్షల శిబిరం సంగతి. అందులో తప్పు మనదే.

మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానంతో చేసే పీఎస్‌ఏ పరీక్ష ఉచితమని చాటించి, వచ్చినవారందరికీ రక్తం తీయించాం. ఎవరినీ ఏమీ అడగలేదు. రెండు వారాల తరువాత, కార్యాలయానికి తాళం వేస్తుండగా ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వచ్చి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. 6.2 పక్కన, హద్దు దాటిందని చెప్పే నక్షత్రం గుర్తు మాత్రం స్పష్టంగా ఉంది. "క్యాన్సరేనా బాబూ?" అన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. తీరా చూస్తే శిబిరానికి వారం ముందు ఆయనకు మూత్రంలో మంట, జ్వరం. అంకె పెరగడానికి ఆ ఇన్‌ఫెక్షన్ చాలు. డాక్టరు గారి మాట మీద ఆరు వారాలు ఆగి మళ్లీ చేయిస్తే 2.1 వచ్చింది. ఆ రెండు నెలల నిద్ర ఎవరు తిరిగిస్తారు?

ఈ పరీక్ష ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్‌ను కొలుస్తుంది, క్యాన్సర్‌ను కాదు. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములన్నది వాడుకలో ఉన్న హద్దు. వయసుతో గ్రంథి ఉబ్బినా అది దాటవచ్చు, దాటకపోయినా క్యాన్సర్ ఉండవచ్చు. ఉబ్బుకు ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలుగా వాడేవారికి అంకె సుమారు సగమే కనిపిస్తుంది. అమెరికా నిపుణుల బృందం 2018లో, 55 నుంచి 69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి స్వయంగా నిర్ణయించుకోవాలనీ, 70 దాటినవారికి ఈ పరీక్ష వద్దనీ చెప్పింది. ఈ క్యాన్సర్లలో చాలావరకు మెల్లగా పెరిగేవి. చికిత్సతో మూత్రం మీద పట్టు పోయే ప్రమాదం మాత్రం ఉంది. మనమేమో 78 ఏళ్ల పెద్దాయన చేత కూడా చేయి చాపించాం!

ఈసారి ముందు కరపత్రం పంచుతాం. మొదటి ప్రతిలో ‘పౌరుష గ్రంథి’, ‘మూత్ర విసర్జనావరోధం’ అని రాశారు. గిడుగు పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లోనా ఈ తెలుగు? ‘మూత్రం ఆగి ఆగి రావడం’ అని దిద్దించాను.

శిబిరానికి వచ్చేవారు వాడుతున్న మాత్రల అట్టలు వెంట తెచ్చుకోవాలి. తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే శిబిరం కోసం ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి