విషయం: మీరు 'పరిష్కారమైంది' అని మూసేసిన మా ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఇది నా ఏడో లేఖ. మొదటి ఆరింటికీ "మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యం" అన్న ఒకటే జవాబు వచ్చింది, కామా కూడా మారకుండా. అంత ముఖ్యమైనది కాబట్టే ఎక్కడో భద్రంగా దాచేసినట్టున్నారు.

మా ల్యాబుకి మీరు పంపిన లిపిడ్, అంటే కణాల పొరలాంటిది చేసుకునే కొవ్వు పొడి, పాడై వచ్చింది. మే ఎండల్లో హైదరాబాద్ గోడౌన్‌లో నాలుగు రోజులు పడుంది. తెల్లగా ఉండాల్సిన పొడి పసుపు తిరిగి, మాగిన నూనె వాసన కొట్టింది. సరే, ఎండకు మీరేం చేస్తారు పాపం.

మొదటిరోజు ఫోనెత్తిన అబ్బాయి "లైపోసోమ్ అంటే మొహానికి రాసుకునే క్రీమేనా మేడమ్?" అన్నాడు. కాదు బాబూ, కొవ్వు పొరతో చేసిన బుడగలు, వాటి పొరలో రిసెప్టర్‌ను, అంటే కణం మీద ఉండి మందును పట్టుకునే ప్రొటీన్‌ను, కూర్చోబెడతాం అని చెప్పాను. ఓపిగ్గా విని, టెక్నికల్ టీమ్‌కి కలుపుతానని బిల్లింగ్‌కి కలిపాడు. బిల్లింగ్ ఆవిడ కొరియర్ వాళ్లనడగమంది. కొరియర్ వాళ్లు పంపినవాళ్లనే అడగమన్నారు. పంపింది మీరే! మూడో వారానికి దొరికిన టెక్నికల్ ఆయన, లిపిడ్ చల్లగా ఉండేందుకు పెట్టిన డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయిందంటే ఫోటో పంపమన్నాడు. ఖాళీ పెట్టె ఫోటో పంపాను. "ఫోటోలో డ్రై ఐస్ కనబడటం లేదు" అని రాసి ఫిర్యాదు మూసేశారు.

ఈలోగా ఇక్కడ ఏం జరిగిందో చెప్పనా? "ఈ వారమే కొత్తది వచ్చేస్తుంది" అని మీవాళ్లు అనబట్టి, మా పీహెచ్‌డీ అమ్మాయి తను శుద్ధి చేసిన బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్‌ను ఫ్రీజ్ చేయకుండా 4 డిగ్రీల దగ్గరే ఉంచింది. లీటర్లకొద్దీ కీటక కణాలు పెంచితే చేతికొచ్చింది ఒక్క మిల్లీగ్రాము. కణం పొరలోంచి దాన్ని బయటికి తీసి నిలిపి ఉంచే సబ్బులాంటి డిటర్జెంట్ దానికి లాడ్జి గది లాంటిది. లిపిడ్ కలిపి, పూసలతో డిటర్జెంట్‌ను లాగేస్తేనే పొరలో కుదురుకుంటుంది. రోజురోజుకీ దానికి మందు అంటుకోవడం తగ్గిపోతుంటే, ఉండబట్టలేక మీ పసుపు లిపిడ్‌తోనే ముందు రిసెప్టర్ లేని ఉత్త బుడగలు చేసి చూసింది. లోపల కాల్సీన్ అనే రంగు నింపి, 100 నానోమీటర్ల ఫిల్టర్ గుండా 11 సార్లు నెట్టింది (బేసి సంఖ్యే ఉండాలి, చివరికి బుడగలు అవతలి సిరంజిలోకి చేరి, చెత్త ఇవతలి సిరంజిలోనే ఆగిపోవాలని). బుడగలో చిక్కగా ఉన్నంతసేపు ఆ రంగు పెద్దగా మెరవదు, బయటికి కారిందంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. తెల్లారేసరికి ట్యూబు పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది. రిసెప్టర్ సంగతి ఇక అడక్కండి.

పన్నెండేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాం. మీ సేల్స్ అబ్బాయి పెళ్లికి మా ల్యాబంతా వెళ్లి భోంచేసి వచ్చాం. ఏటా జనవరిలో మీ క్యాలెండర్ మాత్రం ఠంచనుగా వస్తుంది, దానికి డ్రై ఐస్ అక్కర్లేదు కదా.

లిపిడ్ మళ్లీ పంపుతారో, డబ్బే వెనక్కిస్తారో మీ ఇష్టం. ముందు మనిషన్నవాడెవరైనా నాకు ఫోన్ చేయాలి. సోమవారం దాటితే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లతోనే మాట్లాడతాను. మా కొనుగోళ్ల కమిటీలో నేనూ ఉన్నాను. పక్క మూడు ల్యాబుల వాళ్లతో రోజూ టీ తాగేదీ నేనే.

ఇట్లు,
మీకెంతో ముఖ్యమైన కస్టమర్

తా.క.: ఖాళీ పెట్టె ఫోటో మళ్లీ జతచేశాను. ఇందులో కూడా డ్రై ఐస్ కనబడదు.