నాన్నగారికి, నచికేతుడి గొడవ గురించి

ఎడిసన్, న్యూజెర్సీ

నాన్నగారికి నమస్కారాలు.

అమ్మ పంపిన గోంగూర పచ్చడి అందింది. ఒక సీసా మూత వదులై నూనె కారింది గానీ పచ్చడికేం కాలేదని చెప్పండి.

గుడికి వెళ్తున్నావా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతారు. వెళ్తున్నాను. అభిషేకాలు, కల్యాణాలు, పులిహోర, పిల్లలకు కూచిపూడి, అన్నీ ఉన్నాయి. వాదించుకోవడానికి మాత్రం చాన్నాళ్ళు మనిషి దొరకలేదు. గ్రీన్ కార్డు గురించైతే గంటలు గంటలు మాట్లాడతారు. మన అరుగు మీద మీరూ పోస్టుమాస్టరుగారూ కాఫీ చల్లారిపోయేదాకా అద్వైతం మీద అరుచుకోవడం గుర్తొస్తుంది.

ఆదివారం గీత క్లాసులో చేరాను. రెండో అధ్యాయంలో ఆత్మ చంపదు, చావదు అన్న చోట, మరి అర్జునుడు భయపడిన పాపం ఎవరికి అంటుతుందండీ అని అడిగాను. "శ్రద్ధ ఉంటే అదే అర్థమవుతుంది" అని క్లాసు చెప్పేవారు తరువాతి శ్లోకానికి వెళ్ళిపోయారు. పక్కాయన నన్ను జాలిగా చూశాడు.

మా ఆఫీసులో ఒక యూదు మిత్రుడున్నాడు. రోజూ పొద్దున రైల్లో ఇంకొకతనితో కలిసి తాల్ముద్, అంటే వాళ్ళ ధర్మశాస్త్ర చర్చల గ్రంథం, చదువుతాడు. మొదట్లో పోట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. అలా జంటగా కూర్చుని వాదిస్తూ చదవడాన్ని హవ్రూతా అంటారట. రోజుకో పత్రం చొప్పున 2,711 పత్రాలు, మొత్తం ఏడున్నరేళ్ళు. ఇలా రోజుకో పత్రం చదవడం 1923లో మొదలైన పద్ధతి. 2020 జనవరి 1న ఒక విడత పూర్తయితే ఇక్కడి మెట్‌లైఫ్ స్టేడియం నిండిపోయిందట, ఫుట్‌బాల్ మ్యాచ్‌కి నిండినట్టు! నాకు అసూయ వేసింది. పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ళ వాదన, చెప్పకుండా తన సిద్ధాంతం చెప్పని శంకరులు మనవాళ్ళే కదా, ఆ అలవాటు ఎక్కడ జారవిడుచుకున్నాం?

నాలుగు నెలల క్రితం గుడి క్యాంటీన్‌లో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకావిడ, ఫార్మసిస్టు, పరిచయమయ్యారు. అరవై దాటాయి, మహా మొండి మనిషి. శనివారం ఇడ్లీలయ్యాక ఇద్దరం కఠోపనిషత్తు తీస్తున్నాం. ఒకరు చదవాలి, రెండోవారు ఒప్పుకోకూడదు, అదీ షరతు. ఇంకా మొదటి వల్లిలోనే, అంటే మొదటి భాగంలోనే ఉన్నాం.

తండ్రి వట్టిపోయిన ఆవుల్ని దానమిస్తుంటే పిల్లవాడు నచికేతుడిలో శ్రద్ధ ప్రవేశించింది అంటుంది ఉపనిషత్తు. ఆ శ్రద్ధతోనే "నన్నెవరికి ఇస్తావు?" అని మూడుసార్లు అడుగుతాడు. చూశారా, అక్కడ శ్రద్ధ నోరు మూయించలేదు, నోరు తెరిపించింది అన్నాను నేను. ఆవిడ ఊరుకోలేదు. శంకరులు శ్రద్ధ అంటే ఆస్తిక్యబుద్ధి, అంటే శాస్త్రం మీద నమ్మకం, అన్నారు, తండ్రి మేలు కోరడం వల్ల పుట్టింది అన్నారు, ఎదురు ప్రశ్న వేయాలన్న దురద కాదు, నీకు క్లాసులో జరిగిన అవమానం ఇక్కడ తీర్చుకోకు అన్నారు. రెండు శనివారాలుగా అక్కడే ఆగిపోయాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆ చివరి మాట నిజమేననిపించింది. ఆవిడతో మాత్రం అనలేదు.

చిన్నప్పుడు నేనేదైనా మూడోసారి అడిగితే మీరు చెప్పుల కోసం వెతికేవారు. నచికేతుడి తండ్రిలా యమధర్మరాజు దాకా పంపలేదు, సంతోషం.

ఒక సాయం చేయాలి. మీ శాంకరభాష్యం పుస్తకంలో ఆ మంత్రం దగ్గర మార్జిన్లో పెన్సిల్‌తో ఏదో రాసుకున్నారు, నాకు గుర్తుంది. ఫొటో తీసి పంపండి. వీలైతే వచ్చే శనివారం మీకు రాత్రి ఏడింటికి ఫోన్ దగ్గర ఉండండి, మాకిక్కడ ఉదయం తొమ్మిదిన్నర. మీరు ఎవరి పక్షమైనా పట్టండి, నా పక్షం మాత్రం వద్దు.

అమ్మని కూడా కూర్చోబెట్టండి. మన గేదె వట్టిపోయినప్పుడు మీరు అమ్మేద్దామంటే సంతకి తోలనివ్వలేదు కదా, ఆవిడ ఏమంటుందో వినాలని ఉంది.

మీ అబ్బాయి