మోడలింగ్ ఆశావహుల నుంచి ముందస్తు వసూళ్లను నిషేధించాలి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

"కొత్త ముఖాలు కావలెను, అనుభవం అవసరం లేదు" అనే ప్రకటనలను నమ్మి, జిల్లాల నుంచి హైదరాబాద్ చేరుకునే యువతీయువకుల దగ్గర రిజిస్ట్రేషన్, పోర్ట్‌ఫోలియో (పని కోసం చూపించే ఫొటోల సంపుటి), గ్రూమింగ్ (నడక, అలంకరణల శిక్షణ) పేర్లతో వేలకు వేలు వసూలు చేస్తున్న తీరుపై రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ దృష్టి పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. చీరల దుకాణాలకు, నగల దుకాణాలకు కేటలాగ్ ఫొటోలు తీయడం నా వృత్తి. అలా డబ్బు కట్టి, బరువైన ఆల్బమ్ ఒకటి చేతిలో పట్టుకుని పని కోసం తిరిగే పిల్లలను తరచూ చూస్తుంటాను.

ఆ ఆల్బమ్‌లలో దట్టమైన మేకప్, మనిషిని పోల్చుకోలేనంత రీటచింగ్ తప్ప మరేమీ ఉండదు. ఎంపిక చేసేవారు మొదట అడిగేది మేకప్ లేకుండా, పగటి వెలుగులో, సాదా గోడ ముందు తీసిన నాలుగైదు ఫొటోలు, నిజమైన ఎత్తు, కొలతలు, పేరూ ఊరూ చెబుతూ తీసిన చిన్న వీడియో మాత్రమే. ఇవన్నీ ఇంట్లోనే ఫోన్‌తో తీసుకోవచ్చు. ఆ తర్వాత, తమలాగే కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్లు, మేకప్ ఆర్టిస్టులతో కలిసి, ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వనవసరం లేని టెస్ట్ షూట్లు చేసుకుంటూ పోతే పోర్ట్‌ఫోలియో దానంతట అదే పెరుగుతుంది. మన దగ్గర కొత్తవారికి దొరికే పని ర్యాంప్ మీద కంటే కేటలాగ్‌లోనే ఎక్కువ. రోజంతా చీర మీద చీర మార్చుకుంటూ, సాయంత్రానికి కూడా అలసట ముఖంలోకి రానీయకుండా, అంచూ పల్లూ పనితనం కెమెరాకు స్పష్టంగా కనిపించేలా నిలబడగలిగిన అమ్మాయిని దుకాణదారులు మళ్లీ మళ్లీ పిలుస్తారు. ఈ నేర్పు పనిలోనే అబ్బుతుంది.

నిజమైన ఏజెన్సీకి ఆదాయం మోడల్ సంపాదించిన పారితోషికంలో కమీషన్‌గా వస్తుంది కాబట్టి, పని ఇప్పించడం దాని అవసరం. ముందే ఫీజు వసూలు చేసుకున్న సంస్థకు ఆ అవసరమే లేదు; దానికి కావలసింది మరో కొత్త ముఖం. మోసమంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ 2013లో ఫెమినా మిస్ ఇండియా ఎర్త్‌గా ఎంపికయ్యారు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివిన మానస వారణాసి ఫెమినా మిస్ ఇండియా 2020 కిరీటం అందుకున్నారు. వారిని చూసి మన పిల్లలు ఆశపడటంలో తప్పేమీ లేదు. పైగా 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు తెలంగాణ ప్రభుత్వమే ఆతిథ్యమిచ్చింది. అంతటి వేడుకను నిర్వహించిన ప్రభుత్వానికి, ఆ వెలుగు చూసి ఇళ్లు వదిలి వచ్చే పిల్లలను కాపాడే బాధ్యత కూడా ఉంటుంది.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మోడళ్ల నిర్వహణ సంస్థలు ప్రభుత్వం వద్ద నమోదు కావాలి, కమీషన్ 20 శాతం దాటకూడదు, ముందస్తు ఫీజు గానీ డిపాజిట్ గానీ అడగకూడదు, కృత్రిమ మేధతో మోడల్ ప్రతిరూపాన్ని తయారు చేయాలంటే విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చివరి నిబంధన మనకు మరీ ముఖ్యం. ఒక దుకాణం కోసం తీసిన ఫొటో ఎక్కడెక్కడ, ఎంతకాలం వాడతారో కాగితం మీద లేకపోతే, రేపు అదే ముఖానికి వేరే చీరలు తొడిగి ఎన్ని హోర్డింగులైనా పెట్టుకోవచ్చు. ఆ అమ్మాయికి రూపాయి రాదు. ఇక్కడ కూడా కార్మిక శాఖ వద్ద ఏజెన్సీల నమోదును తప్పనిసరి చేసి, ఆ జాబితాను అందరికీ అందుబాటులో ఉంచాలి.

ఈలోగా ఉన్న చట్టాలైనా వీరికి తెలియాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, సేవా లోపంపై వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. 2013 నాటి పనిప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉద్యోగంలో లేని మహిళలకు సైతం వర్తిస్తుంది కనుక, ఆడిషన్‌కు వెళ్లి వేధింపులకు గురైన యువతి జిల్లాలో ఇలాంటి ఫిర్యాదులు వినే స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు.

పత్రికలకు కూడా ఒక విన్నపం. ఇలాంటి క్లాసిఫైడ్ ప్రకటనలను స్వీకరించే ముందు సంస్థ చిరునామాను, నిర్వాహకుల వివరాలను పరిశీలించి, ఫీజు వసూలు చేసే సంస్థ అయితే ఆ మాటను ప్రకటనలోనే స్పష్టంగా ముద్రించేలా నిబంధన పెట్టగలరు.

ఇట్లు,
ఒక ఫొటోగ్రాఫర్,
హైదరాబాద్