బడిలో స్పీచ్ థెరపీ: పరిశోధకులు ముందు ఒకచోట కూర్చోవాలి

సంపాదకులకు,

బడి పిల్లల మాట సరిచేయడానికి కావాల్సిన నిపుణులంతా మన నగరంలోనే ఉన్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వాక్కు, వినికిడి వైకల్యాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, ఉస్మానియాలో భాషాశాస్త్ర విభాగం, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో స్పీచ్ ల్యాబ్ ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో వాక్కు, భాషా వైకల్యం కూడా ఒకటి. అయినా ఒకరు పరీక్ష తయారుచేసి, మరొకరు రికార్డింగులు ముగించి, ఆఖర్న భాషాశాస్త్రవేత్తను 'ఒక్కసారి చూసి పెట్టండి' అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అందరూ కలిసి మొదట తేల్చుకోవాల్సింది ఏది తప్పు, ఏది యాస అన్నది. పాతబస్తీలో దక్కనీ మాట్లాడే ఇంటి బిడ్డ 'కలం'ను 'ఖలం' అంటే అది ఆ ఇంటి మాటే. 'నీళ్ళు'ను 'నీల్లు' అన్నా, 'భారతం'ను 'బారతం' అన్నా థెరపీ అక్కర్లేదు, చుట్టుపక్కల పెద్దలూ అలాగే అంటారు. అదే అయిదేళ్ళ పాప 'కోతి'ని 'తోతి' అని, 'గది'ని 'దది' అని అంటుంటే, నాలుక వెనక భాగం లేపి పలకాల్సిన వాటిని నాలుక కొసతో పలుకుతోందన్నమాట. ఆ పాపకు సాయం కావాలి. పుస్తకాల తెలుగే కొలబద్ద అయిన పరీక్ష ఈ పిల్లలందరినీ ఒకే గాటన కట్టేస్తుంది. అందుకే పరీక్షలో పిల్లలకు చూపించి పేరు చెప్పించే బొమ్మల జాబితా ఖరారు చేసే రోజునే భాషాశాస్త్రవేత్తతో పాటు ఆ బస్తీ మాట తెలిసిన టీచరూ ఉండాలి.

పిల్లల పలుకును ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా రాయాలి. కనీసం 100 మాటల సంభాషణ తీసుకుని హల్లుల్లో ఎన్ని సరిగ్గా పలికారో శాతం కట్టే లెక్క 1982 నుంచి వాడుకలో ఉంది. 85 శాతం దాటితే లోపం స్వల్పమనీ, 50 లోపైతే తీవ్రమనీ అంటారు. ఆ హద్దులు ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలను చూసి గీసినవి. ద్విత్వాలు నిండిన తెలుగుకు వాటిని ఉన్నవి ఉన్నట్టు అంటించడం సరికాదని మా అభిప్రాయం.

ఇంతకన్నా ముందు వినికిడి చూడాలి. 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర 20 డెసిబెల్స్‌తో రెండు చెవులూ పరీక్షించాలి. వరండాలో ఇంటర్వెల్ గోల మధ్య చేస్తే బాగా వినపడే పిల్లలు కూడా తప్పుతారు, ముఖ్యంగా 1000 దగ్గర. వానాకాలం జలుబుతో మధ్యచెవిలో నీరు చేరినా అంతే. తప్పినవారిని రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ చూసి, అప్పటికీ తప్పితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇంజినీర్లకు ఒక గట్టి మనవి. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా పెద్దవాళ్ళ గొంతుల మీద నేర్చుకున్నది. పిల్లల గొంతు నాళం పొట్టిది, శ్రుతి హెచ్చు, అక్కడే అది తడబడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, పాప 'తోతి' అంటే అది తెలివిగా 'కోతి' అని దిద్ది రాస్తుంది! థెరపిస్టుకు కావాల్సింది సరిగ్గా ఆ 'తో'. దిద్దుబాటు ఆపి, పలికింది పలికినట్టు రాసే పద్ధతి మీద పనిచేయాలి. వాట్సాప్ వాయిస్ మెసేజీలు పనికిరావు, కుదింపులో 'స', 'ష'ల ఈల శబ్దం పోతుంది. ఫ్యాన్ ఆపేసి, మైకును నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో కాస్త పక్కగా పెట్టి, 44.1 కిలోహెర్ట్జ్‌లో, కుదించని వేవ్ ఫైలుగా దాచాలి.

ఆ గొంతులు పిల్లలవి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారి డేటాకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలి. థెరపీకి ఒక సంతకం, పరిశోధనకు వేరే సంతకం తీసుకోవాలి. రెండోది పెట్టకపోయినా థెరపీ ఆగదని తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించాలి.

ఫలితం కొలిచేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. నేర్పిన మాటలనే మళ్ళీ అడిగితే ఎవరికైనా మార్కులు పెరుగుతాయి. థెరపీలో ఎన్నడూ వాడని పది మాటలు పక్కన పెట్టి, నెలనెలా వాటినే అడగాలి. 'కాకి' నేర్చుకున్న పిల్లాడు ఎవరూ నేర్పని 'కుండ'ను సరిగ్గా అన్నప్పుడే శబ్దం పట్టుబడినట్టు. వారానికోసారి గంటసేపు కూర్చోబెట్టే బదులు మూడు సార్లు 20 నిమిషాల చొప్పున, ప్రతిసారీ ఆ శబ్దాన్ని కనీసం 50 సార్లు పలికిస్తే మేలు.

మిగతా రోజుల్లో భారమంతా టీచరుదే. తప్పు పలికిన పిల్లాణ్ణి క్లాసులో నిలబెట్టి 'సరిగ్గా చెప్పు' అనకుండా, తాను సరైన మాటతో జవాబిస్తే చాలు: 'అవును, కోతి చెట్టెక్కింది.' ఆ వారం పాఠంలోంచి అయిదు మాటలు ఎంచి థెరపిస్టు టీచరుకు ముందే ఇవ్వాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లోని రిసోర్స్ పర్సన్లకూ అదే కాగితం అందాలి. నెలకోసారి బృందం కలిసేటప్పుడు టీచరును తప్పక పిలవాలి, ఆ గంట ఆమె క్లాసు ఎవరు చూస్తారో ప్రాజెక్టు ప్రతిపాదనలోనే రాసి, అందుకయ్యే ఖర్చూ అందులోనే చూపాలి.

— వాక్ చికిత్స, భాషాశాస్త్ర రంగాల్లో పనిచేస్తున్న కొందరు, హైదరాబాద్